పాలడబ్బాల ఊరు

నెల రోజులుగా కూడబెట్టించాను పాలడబ్బాలు.
కడిగి తెమ్మంటే సగంమంది కడగలేదు.
మూడో తరగతి గదంతా పులిసిన వాసన,
పన్నెండున్నరకే నీలమైపోయే కిటికీలు.
ఈ డిసెంబరులో సూర్యుడు
హాజరుపట్టీలో పేరుండి
బడికి రాని పిల్లాడు.

కత్తెరలు ఇరవై రెండు, ఎడమచేతివి రెండే.
వాటికోసం ముగ్గురు
వంతులు వేసుకుంటారు, మరిచిపోతారు, ఏడుస్తారు.
మైదా ఉడకబెట్టి జిగురు చేశాను.
విల్గోత్ వేలితో నాకి చూసి
ఉప్పు తక్కువైందన్నాడు.

నా నోటుపుస్తకంలో పాఠం పేరు ‘మన ఊరు’.
ఎవరి ఇల్లు వాళ్ళు చెయ్యాలి.
గోడలకు రంగు, కప్పుమీద దూది,
కిటికీకి పసుపు కాగితం, లోపల దీపమున్నట్టు.
బల్లలన్నీ కలిపి పైన తెల్లదుప్పటి పరిచాను.

ఇనుము తవ్వే ఊరు మాది.
కింద తవ్వినకొద్దీ పైన నేల బీటలిస్తుంది.
అందుకని ఊరినే తూర్పుకు జరుపుతున్నారు
వీధి తర్వాత వీధి.
అదంతా పాఠంలో లేదు.
నేను పరిచింది చదునైన ఊరు,
పండగ కార్డుమీది ఊరు.

సిర్కా వాళ్ళ తాత ఆవిరిస్నానపు గది చేసింది,
ఇల్లు మరిచిపోయింది.
ఎల్లె చేసింది ఇల్లే కాదు, పదకొండు రెయిన్‌డీర్లు.
అగ్గిపుల్లల కాళ్ళమీద నిలవకపోతే
నిద్రపోతున్నాయంది.
మెర్హావి ఇంటికి రెండు తలుపులు,
ఒకటి మంచులోకి, ఒకటి అస్మారాకట.
ఆ రెండో వైపు కప్పుకు దూది అంటించనివ్వలేదు.

అందరివీ పెట్టాక తూరె మిగిలాడు,
ఖాళీ చేతులతో.
“నీ ఇల్లేదిరా?”
“కూల్చేశారు,” అన్నాడు
పెన్సిల్ పోయిందని చెప్పినట్టు.
ఆ వెంటనే,
“గొయ్యి ఎక్కడ పెట్టాలి టీచర్?”

వాళ్ళమ్మ ఆ గోతిలోనే లారీ నడుపుతుంది.

ఇరవై ఆరేళ్ళుగా బొమ్మలు నేర్పుతున్నాను.
ముందు వెనకభాగం, తర్వాత వస్తువు,
నలుపు అన్నిటికన్నా చివర్న,
ఎన్నిసార్లు చెప్పానో.
లేనిదాన్ని దేనితో చెయ్యాలో మాత్రం
నాకు ఎవరూ చెప్పలేదు.
“నువ్వే చెప్పు,” అన్నాను.
ఏమీ తోచనప్పుడు
పంతులమ్మలు ఆడే పాత ఎత్తు అది.

వాడు కత్తెర అడిగాడు, ఎడమచేతిది.
వంతు ఎవరిదో గాని ఆ పిల్ల
కిక్కురుమనకుండా ఇచ్చేసింది.
దుప్పటి నడిమధ్యన
(మా అత్త నేసిన దుప్పటి, కళ్ళు మూసుకున్నాను)
గుండ్రంగా కోశాడు.
బల్లలు రెండూ జానెడు ఎడం చేసి,
కిందకి దూరి,
ఆ సందులోంచి చెయ్యి పైకి పెట్టి
వేళ్ళు ఆడించాడు.
“అమ్మ,” అని వినపడింది కిందినుంచి.

అప్పుడు మొదలైంది.
ఎవరూ చెప్పలేదు, నేనసలే చెప్పలేదు.
ఒక్కో ఇల్లూ కదిలింది
గోతికి దూరంగా, కిటికీ పక్కకి.
జిగురు ఆరని గోడలు ఒరిగాయి, దూది రాలింది.
విల్గోత్ ఇల్లు దారిలో రెండయితే
ఆరు చేతులు పట్టుకున్నాయి.
రెయిన్‌డీర్లను ఎల్లె ఒళ్ళో వేసుకుంది.
మెర్హావి ఒక్కడే
ఇంటిని రెండు చేతులా ఎత్తుకుని,
తలుపులు రెండూ బొటనవేళ్ళతో మూసిపెట్టి,
అలవాటున్నవాడిలా నడిచాడు.

తల్లిదండ్రులు చూడవచ్చే రోజుకి
ఆ చిరుగు కుట్టించమంది ప్రధానోపాధ్యాయిని.
అలాగే అన్నాను. కుట్టలేదు.

సాయంత్రం రాలిన దూది ఏరుతూ
బల్లకిందకి వంగితే
చెక్కకి అడుగున, ఎవరికీ కనపడనిచోట,
నాలుగు పసుపు కాగితపు ముక్కలు
కిటికీలా వరసగా.
గోరుతో గీకి చూశాను.
ఊడలేదు,
ఉప్పు తక్కువైన జిగురే అయినా.